అండమాన్‌లో ఐదు రాత్రులు: ఆరుగురి కుటుంబానికి ట్రిప్పు ప్లాన్ చేసిన తీరు

సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్లాలని ఒక కుటుంబం అక్టోబరులో నన్ను సంప్రదించింది. భార్యాభర్తలు, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, ఆయన తల్లిదండ్రులు. పెద్దాయనకు 73 ఏళ్లు, రిటైరైన సోషల్ మాస్టారు. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. ఆఫీసు సెలవులు, పిల్లల బడి అన్నీ చూసుకుంటే చేతికొచ్చేది ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. మొదటి పగల్లో సగం, చివరి పగల్లో సగం విమానాలకే పోతాయి. అంటే నికరంగా మిగిలేది ఐదు రోజులు.

వాళ్లు అప్పటికే ఇంకోచోట అడిగి ఒక ప్యాకేజీ తెచ్చుకున్నారు. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, కోర్బిన్స్ కోవ్ బీచ్. రెండో రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి బారాటాంగ్ గుహలు. మూడో రోజు రాస్ ఐలాండ్, నార్త్ బే చూసుకుని మధ్యాహ్నం బోటులో హేవ్‌లాక్ దీవి. నాలుగో రోజు స్కూబా, ఎలిఫెంట్ బీచ్, సాయంత్రం ఆరింటికి రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం. ఐదో రోజు నీల్ ఐలాండ్. ఆరో రోజు పొద్దున నీల్ నుంచి బోటు, అదే రోజు 12:40కి తిరుగు విమానం.

చూడ్డానికి నిండుగా ఉంది. డబ్బుకు తగ్గట్టు అన్నీ కవర్ అవుతున్నాయనిపిస్తుంది. నాకు మాత్రం రెండు చోట్ల కన్ను ఆగింది. ఒకటి, జనవరిలో సాయంత్రం ఆరింటికి రాధానగర్‌లో చూడటానికి సూర్యుడు ఉండడు. రెండు, బోటు దిగిన రోజే విమానం.

మొదటిది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ, ఆ ప్యాకేజీ రాసినవాళ్లు దీవి గురించి ఎంత ఆలోచించారో దాన్నిబట్టే తెలిసిపోతుంది. మన గడియారం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల లెక్కన నడుస్తుంది. అండమాన్ ఉన్నది దాదాపు 93 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మన గడియారం కన్నా సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. జనవరి మధ్యలో తెల్లవారేది ఆరుకి ముందే, పొద్దు గుంకేది ఐదుంబావు లోపే. నవంబరు చివర్లో అయితే ఐదు కూడా కాకుండానే. కాబట్టి అక్కడ సాయంత్రం ప్రోగ్రామ్ అంటే మూడున్నరకి మొదలవ్వాలి. ఉదయం ఎనిమిదింటికి నింపాదిగా టిఫిన్ చేసి బయల్దేరేవాళ్లు పగటి వెలుగులో రెండు గంటలు పోగొట్టుకున్నట్టే.

రెండోది అసలు సమస్య. ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

అసలు ఎవరికి ఏం కావాలి

ప్లాన్ మొదలుపెట్టే ముందు నేను ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడుగుతాను. "ఒక్కటి తప్ప అన్నీ పోయాయనుకోండి. ఆ ఒక్కటీ ఏది?" అందరూ కూర్చుని ఉండగా అడిగితే పెద్దవాళ్లు "పిల్లలకి ఏది బాగుంటే అదే బాబూ" అనేస్తారు. అందుకే విడిగా.

పెద్దాయన తడుముకోకుండా సెల్యులార్ జైలు అన్నారు. ఏళ్ల తరబడి పాఠం చెప్పారట గానీ ఎప్పుడూ చూడలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరికి అండమాన్ శిక్ష పడిన సంగతి ఆయనే నాకు వివరంగా చెప్పారు. పెద్దావిడ "సముద్రం ఒడ్డున కూర్చుంటే చాలమ్మా, నన్ను ఎక్కువ నడిపించకండి" అన్నారు. అమ్మాయికి స్కూబా. అబ్బాయికీ స్కూబానే. వాళ్ల నాన్నకి రెండు రోజులు ఫోన్ మోగకపోతే చాలు. పిల్లల తల్లి మాత్రం కాసేపు ఆలోచించి, "అందరూ సంతోషంగా ఉంటే నేను ఉంటానండీ, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే నా ట్రిప్పు అయిపోయినట్టే" అన్నారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఒకరుంటారు. ప్లాన్ బాగుందో లేదో చివరికి తేల్చేది వాళ్లే.

బారాటాంగ్ ఎవరూ అడగలేదు. నీల్ కూడా ఎవరూ అడగలేదు. అవి ప్యాకేజీలో ఉన్నాయి కాబట్టి ఉన్నాయి, అంతే.

అబ్బాయి విషయం వెంటనే చెప్పేశాను. స్కూబాకి పదేళ్లు నిండాలి. ఎవరో ఒకరు "పర్లేదు, తీసుకెళ్తాం" అంటారు కూడా. అలా అనేవాళ్ల దగ్గరికి పదేళ్లు దాటినవాళ్లనీ పంపకూడదన్నది నా లెక్క. ముందే తెలిస్తే పిల్లలు వారం రోజులు అలిగి సర్దుకుంటారు. అక్కడ ఒడ్డున తెలిస్తే ఆ రోజంతా పాడవుతుంది.

తీసేసినవి

బారాటాంగ్ ముందు పోయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం చీకట్లోనే వెళ్లి వరసలో నిలబడాలి. తర్వాత అడవి రోడ్డు, పంటు మీద దాటడం, మడ అడవుల మధ్య స్పీడ్‌బోటు, ఆపైన నడక. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అది శిక్ష. పెద్దవాళ్లు లేకపోయినా చిన్న ట్రిప్పుల్లో నేను దాన్ని పెట్టను. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల రిజర్వు మధ్యలోంచి పోతుంది. ఆ భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అక్కడ ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు అని రూలు ఉన్నా, బండిలో కూర్చున్నవాళ్ల కళ్లు ఎవరి కోసం వెతుకుతుంటాయో అందరికీ తెలుసు. దాన్ని అమ్మడం నాకు ఇష్టం లేదు. ఈ మాట క్లయింటుకి కూడా దాచకుండా చెప్పాను.

నీల్ తీసేయడానికి ఎక్కువ వాదన అయింది. "అంత దూరం వెళ్లి నీల్ చూడకపోతే ఎలాగండీ? అందరూ మూడు దీవులూ చూసొస్తున్నారు" అన్నారావిడ. నీల్ మంచి దీవే. హేవ్‌లాక్ కన్నా నిమ్మళంగా ఉంటుంది. కానీ ఒక దీవి నుంచి ఇంకో దీవికి మారడమంటే బోటులో గడిపే గంట ఒక్కటే కాదు. గది ఖాళీ చేయడం, సామాన్లు సర్దడం, జెట్టీకి గంట ముందు చేరడం, అక్కడ లైను, దిగాక బండి కోసం చూడటం, గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవడం. ఆరుగురితో, అందులో ఇద్దరు పెద్దవాళ్లతో, సగం రోజు చేతిలోంచి జారిపోతుంది.

పైగా నీల్‌లో జనం చూడాలనుకునే రెండూ ఒకే సమయంలో కుదరవు. సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి ఆటు మీద, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడే వెళ్లగలం. రాళ్ల మీద నాచు, మధ్యలో నీటి గుంటలు. పెద్దావిడ అటు వెళ్లే ప్రశ్నే లేదు. భరత్‌పూర్ బీచ్‌లో అద్దం అడుగున్న పడవలు తిరగాలంటే మళ్లీ నీళ్లు ఉండాలి. ఒక్క పూట నీల్‌కి వెళ్లేవాళ్లు రెండింట్లో ఒకదాన్ని బురదగానో, మునిగిపోయిగానో చూస్తారు.

ఆ ఒక్క రాత్రినీ హేవ్‌లాక్‌కి కలిపితే అక్కడ వరసగా మూడు రాత్రులు వచ్చాయి. మూడు బోటు ప్రయాణాలు రెండయ్యాయి. ఆరుగురికి ఒక్కో ప్రయాణం తగ్గితే మిగిలే డబ్బు తక్కువేం కాదు. దాన్ని సముద్రానికి దగ్గరగా, కింది అంతస్తులో గదులు తీసుకోవడానికి వాడాం.

చివరి రాత్రి ఎక్కడ

తిరుగు విమానం ఏ దీవి నుంచి ఉందో చివరి రాత్రి ఆ దీవిలోనే పడుకోవాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

కారణం గాలి. హేవ్‌లాక్, నీల్ వెళ్లే ప్రైవేటు బోట్లు వేగంగా పోయే కేటమరాన్లు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి గంటన్నర. ప్రభుత్వ ఫెర్రీ అయితే రెండున్నర గంటల దాకా. సముద్రం కాస్త లేచిందంటే బోట్లు ఆపేస్తారు. ఆపమని చెప్పేది పోర్టు అధికారులు. మనం ఎంత బతిమాలినా, ఎంత ఎక్కువ ఇస్తామన్నా లాభం ఉండదు. ఉండకూడదు కూడా. 2016 డిసెంబరులో వర్దా తుపాను చెన్నైని తాకే ముందు అండమాన్ మీద తీవ్ర వాయుగుండంగా ఉన్నప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. నేవీ ఓడలు పంపి బయటికి తేవాల్సి వచ్చింది. అది అరుదైన సంగతే. ఒక్క పూట బోట్లు ఆగడం మాత్రం అరుదేమీ కాదు.

విమానం మన కోసం ఆగదు. అక్కడి విమానాశ్రయం నేవీతో ఉమ్మడిగా నడుస్తుంది. ఎక్కువ సర్వీసులు ఉదయం, మధ్యాహ్నం వేళల్లోనే. పొద్దుటి విమానం తప్పితే "సాయంత్రం దాంట్లో పోదాంలే" అనుకోవడానికి ఉండదు. సంక్రాంతి రద్దీలో మర్నాటికి ఆరు సీట్లు దొరికినా ఆ రేటు వింటే కళ్లు తిరుగుతాయి.

కాబట్టి ప్లాన్ వెనక నుంచి ముందుకు వేశాం. ఆరో రోజు విమానం. ఐదో రోజు రాత్రి పోర్ట్ బ్లెయిర్. ఐదో రోజు ఉదయమే హేవ్‌లాక్ నుంచి బోటు, అది ఆగిపోతే మధ్యాహ్నం బోటుకి వ్యవధి ఉండేలా. ఐదో రోజు బోటు దిగాక మిగిలే మధ్యాహ్నానికి రాస్ ఐలాండ్ పెట్టాం. జెట్టీ నుంచి చిన్న పడవలో కాసేపట్లో చేరిపోవచ్చు. పాత బ్రిటిష్ కట్టడాలు, వాటిని చుట్టేసిన మర్రి వేళ్లు, జింకలు. బాగుంటుంది. కానీ ఇంట్లో ఎవరి "ఒక్కటీ" అది కాదు. పోతే పోయిందనుకోగలిగింది కాబట్టే చివరికి వేశాం.

సెల్యులార్ జైలుని మొదటి రోజుకే పెట్టడం కూడా ఇదే లెక్కలో. ఇంకో దారి ఉంది. విమానం దిగిన రోజే మధ్యాహ్నం బోటులో నేరుగా హేవ్‌లాక్ వెళ్లిపోయి, జైలు చివరి రోజు చూడటం. చాలామంది అలాగే చేస్తారు, ఒక రాత్రి కలిసొస్తుంది కూడా. కానీ విమానం గంట ఆలస్యమైతే బోటు పోతుంది. చివరి రోజు బోటు ఆగితే జైలు పోతుంది. పెద్దాయన ఈ ట్రిప్పుకి ఒప్పుకుందే దానికోసం. అందుకని ఆ దారి వద్దనుకున్నాం.

కాగితాలు, మందులు, చిన్న చిక్కులు

టికెట్లు చేతికొచ్చాక పిల్లల తల్లి కంగారుగా ఫోన్ చేశారు. "మేం హేవ్‌లాక్ అడిగితే మీరు స్వరాజ్ ద్వీప్‌కి తీశారేంటండీ?" రెండూ ఒకటే. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ, రాస్ ఐలాండ్‌కి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు. ఇప్పుడు నేను ఇచ్చే ప్లాన్ కాగితంలో రెండూ పక్కపక్కన రాస్తున్నాను.

పెద్దావిడ ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. విమానం టికెట్ తీసినప్పుడు ఆవిడ కొడుకు ఒక్క ఇనీషియల్‌తో సరిపెట్టారు. విమానానికీ బోటుకీ గుర్తింపు కార్డు చూస్తారు. వెళ్లే వారం ముందు చూసుకుంటే పరుగులు పెట్టాల్సి వచ్చేది. రెండు నెలల ముందే గమనించాం కాబట్టి తేలిగ్గా సరిదిద్దుకున్నాం. పిల్లల ఆధార్ కార్డులు కూడా వెంట పెట్టుకోమన్నాను.

బోటులో కడుపులో తిప్పడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ కేటమరాన్లు చాలావరకు మూసేసిన ఏసీ హాళ్లు. గాలి కోసం బయటికి వద్దామంటే బోటు నడిచేటప్పుడు చాలావాటిల్లో రానివ్వరు. ఎక్కువ డబ్బు తీసుకుని ఇచ్చే ముందు వరస సీట్లలో, పై అంతస్తు సీట్లలో కిటికీ బాగుంటుంది, ఊపు కూడా బాగా ఉంటుంది. బోటు మధ్యకీ వెనక్కీ, కింది అంతస్తులో కదలిక తక్కువ. పెద్దవాళ్లిద్దరికీ అక్కడే తీశాం. నలుగురికి అవోమిన్ లాంటి మాత్ర ముందే వేసుకోమని వాళ్ల డాక్టరే చెప్పారు. వాంతి మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, బోటు ఎక్కడానికి గంటో రెండు గంటలో ముందు పడాలి. పెద్దాయన ప్రోస్టేట్‌కి మందులు వాడుతున్నారు. అలాంటివాళ్లు, గ్లాకోమా ఉన్నవాళ్లు ఆ రకం మాత్రలు అడక్కుండా వేసుకోకూడదు. మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అందరికీ కలిపి ఒక స్ట్రిప్ కొనేసి పంచే అలవాటు మనకుంది కాబట్టి ఇది గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన డాక్టరు వద్దన్నారు. ఆయన మాత్ర లేకుండానే వెళ్లొచ్చారు.

నగదు కొంత పట్టుకెళ్లమన్నాను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాక నెట్ చాలా మెరుగైంది, ఫోన్‌తో చెల్లింపులు అవుతున్నాయి. అయినా హేవ్‌లాక్‌లో ఏటీఎంలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కరెంటు పోయినప్పుడు ఆటో అతనికి ఇవ్వడానికి నోట్లే దిక్కు.

ట్రిప్పు ఎలా నడిచింది

మొదటి రోజు అనుకున్నట్టే జరిగింది. పదకొండున్నరకి దిగారు. భోజనం చేసి, కాసేపు పడుకుని, మూడింటికి జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన కట్టడం అది. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్కలోని గదుల ముఖం ఇంకో రెక్క వీపు వైపు ఉంటుంది. ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడకుండా అలా కట్టారు. పెద్దాయన ఒక గదిలోకి వెళ్లి, పైన ఎత్తులో ఉన్న చిన్న వెంటిలేటర్ కింద నిలబడి, మనవడిని పిలిచి అందుకోగలవేమో చూడమన్నారట. వాడు రెండుసార్లు ఎగిరి ఊరుకున్నాడట. పై అంతస్తు మెట్లు పెద్దావిడ ఎక్కలేదు, ఆవరణలో రావిచెట్టు దగ్గర కూర్చున్నారు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో టికెట్లు ముందే తీసి ఉంచాం. సీజన్లో అక్కడికక్కడ దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకూడదు.

రెండో రోజు పొద్దున బోటు. పెద్దావిడకి కొంచెం తిప్పింది గానీ వాంతి కాలేదు. పదింటికల్లా హేవ్‌లాక్. గది పన్నెండింటికి ఇచ్చారు. పిల్లల తల్లి దగ్గర్నుంచి నాకు ఒక ఫోటో, కింద ఒక ప్రశ్న: "సముద్రం ఏదండీ?" రిసార్ట్ ముందు అర కిలోమీటరు దాకా బూడిదరంగు బురద, రాళ్లు, ఒక పక్కకి ఒరిగిన పడవ.

ఇది వచ్చే అవకాశం ఉందని ముందే చెప్పాను గానీ, చెప్పడం వేరు, కళ్లారా చూడటం వేరు. హేవ్‌లాక్ తూర్పు తీరం, విజయనగర్ వైపు, చాలా లోతు తక్కువ. ఎక్కువ రిసార్టులు అక్కడే. పోటు మీద నీళ్లు కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా వస్తాయి, రిసార్టుల ఫోటోలన్నీ అప్పుడు తీసినవే. ఆటు మీద నీళ్లు అంతే దూరం వెనక్కి పోతాయి. ఆటుకీ పోటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ప్రతి రోజూ ఆ సమయం యాభై నిమిషాలు అటూ ఇటూగా వెనక్కి జరుగుతుంది. అంటే ఈ రోజు పదింటికి ఆటు అయితే రేపు పదకొండుకి కొంచెం ముందు. ఇది తెలిస్తే ఏ పూట గది ముందు ఈత, ఏ పూట వేరే బీచ్ అన్నది తేలిగ్గా వేసుకోవచ్చు. వాళ్ల ప్లాన్ కాగితంలో ప్రతి రోజుకీ ఆటుపోట్ల వేళలు రాసి ఇచ్చాను. మర్నాటి నుంచి ఆ కాలమ్ చూసే బాధ్యత అబ్బాయి తీసుకున్నాడు. వాడికి స్కూబా లేని లోటు కొంత అలా తీరింది.

అదే రోజు మూడున్నరకి రాధానగర్. పడమటి తీరం, చక్కటి ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆటుపోట్ల గొడవ ఇక్కడ అంత ఉండదు. ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పి పంపాను: లైఫ్‌గార్డులు, జెండాలు ఉన్న మేర దాటి వెళ్లొద్దు. బీచ్‌కి ఒక చివరన ఉన్న మడుగు వైపు అసలు పోవద్దు. 2010లో అక్కడ స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ పర్యాటకురాలిని మొసలి చంపేసింది. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. బోర్డు పెట్టిన చోట దిగకపోతే భయపడాల్సిన పని లేదు.

మూడో రోజుకి స్కూబా, నాలుగో రోజుకి ఎలిఫెంట్ బీచ్ అనుకున్నాం. స్కూబా ముందు పెట్టడానికి కారణం ఉంది. లోతుకి వెళ్లొచ్చాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వాళ్లు పాటించే లెక్క. ముందు రోజుల్లో పెట్టుకుంటే, ఒక రోజు వెనక్కి జరిగినా ఇబ్బంది ఉండదు.

వెనక్కి జరగనే జరిగింది. మూడో రోజు పొద్దున అమ్మాయికి జలుబు. ముక్కు మూసుకుపోతే చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, అయినా దిగితే కర్ణభేరి దెబ్బతింటుంది. మందు వేసుకుని దిగడం ఇంకా ప్రమాదం, కింద ఉండగా మందు బలం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవి పట్టేస్తుంది. రెండు రోజులూ తారుమారు చేశాం. మూడో రోజు ఎలిఫెంట్ బీచ్‌కి నలుగురూ వెళ్లారు. అక్కడ మెట్లూ జెట్టీ లేవు, మోకాలి లోతు నీళ్లలోకి పడవ మీంచి దిగాలి. అందుకని పెద్దవాళ్లు మొదటినుంచీ లెక్కలో లేరు, కాలాపత్థర్ బీచ్‌కి కారులో వెళ్లి కూర్చున్నారు. పిల్లలు నీటిపైనే తేలుతూ మాస్కులోంచి పగడాలు చూశారు. అబ్బాయి రెండు గంటల పాటు నీళ్లలోంచి బయటికి రాలేదట. కాళ్లు కింద ఆనించొద్దని, పగడం మీద నిలబడితే అది చచ్చిపోతుందని వాడే అక్కకి చెప్పాడట.

నాలుగో రోజు పొద్దున ఆరున్నరకే స్కూబా. అమ్మాయిని నడుము లోతులో నిలబెట్టి చెవులు సర్దుకుంటున్నాయేమో చూశారు. ఎడమ చెవి సర్దుకోలేదు. ఇన్‌స్ట్రక్టర్ వద్దన్నాడు. పిల్ల ఏడ్చింది. వాళ్ల నాన్న వెళ్లొచ్చాడు గానీ ఆ ఆనందం పైకి చూపించలేకపోయాడు పాపం. డబ్బు వెనక్కి ఇచ్చారు. డబ్బు పోతుందేమో అని చూడకుండా వద్దనగలిగిన ఇన్‌స్ట్రక్టర్ ఉన్న చోటే ఎంచుకున్నాం కాబట్టి నాకైతే ఆ ఉదయం బాగానే గడిచినట్టు. అమ్మాయి ఒప్పుకోదు.

ఆ మధ్యాహ్నం నుంచి గాలి మొదలైంది. ఎలిఫెంట్ బీచ్ పడవలు ఆపేశారని మా లోకల్ మనిషి ఫోన్ చేశాడు. జలుబు రాకపోయి ఉంటే పిల్లలు ఆ బీచ్ చూసేవాళ్లే కాదు.

ఐదో రోజు ఆరింటికి మెసేజ్: ఉదయం బోటు రద్దు. ఆ కంపెనీ మర్నాడు ఉదయం సీట్లు ఇస్తామంది, అది మాకు పనికిరాదు. మధ్యాహ్నం గాలి తగ్గితే నడుస్తాయన్న వేరే రెండు బోట్లలో చూస్తే ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో మూడు దొరికాయి. ఒకే బోటు కావాలని పట్టుబట్టి ఉంటే అవీ పోయేవి. పెద్దవాళ్లు, కొడుకు ముందు బోటులో. ఆవిడ, పిల్లలు అరగంట తర్వాతి దాంట్లో. మందులన్నీ ఒకే బ్యాగులో ఉన్నాయని జెట్టీ దగ్గర గుర్తొచ్చి, పెద్దవాళ్ల మాత్రలు తీసి ఆయన జేబులో పెట్టారు. సముద్రం ఇంకా లేచే ఉంది, ఈసారి పెద్దావిడకి వాంతులయ్యాయి. చీకటి పడేసరికి అందరూ పోర్ట్ బ్లెయిర్ హోటల్లో ఉన్నారు. రాస్ ఐలాండ్ పోయింది. ఎవరూ దాని ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున నీల్ నుంచి రావాల్సిన బోటు, వాళ్ల పాత ప్యాకేజీలో ఉన్నదే, రెండు గంటలు ఆలస్యంగా కదిలింది. 12:40 విమానం అందేదో లేదో నేను చెప్పలేను. జెట్టీ మీద ఆరుగురూ నిలబడి గడియారం చూసుకునే టెన్షన్ మాత్రం తప్పేది కాదు. విమానాశ్రయంలో అబ్బాయి జేబులోంచి ఒక పగడపు ముక్క బయటపడింది. చచ్చిన పగడమైనా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తీసుకెళ్లకూడదు. స్కానింగ్ దగ్గర తీసి పక్కన పెట్టి పంపేశారు.

ఇదే కుటుంబం వేరే నెలలో అడిగితే

మే చివరి నుంచి సెప్టెంబరు దాకా అయితే ఈ ప్లాన్ ఇవ్వను. నైరుతి రుతుపవనాలు కేరళ కన్నా ముందు, మే మూడో వారం అటూ ఇటూగా అండమాన్ చేరతాయి. రాధానగర్ పడమటి వైపు ఉంది కాబట్టి ఆ నెలల్లో అలల దెబ్బ దాని మీదే పడుతుంది. రేట్లు బాగా తగ్గుతాయి, ఆకుపచ్చగా ఉంటుంది. పెళ్లయిన కొత్త జంట ఏడు రాత్రులతో, ఒకటి రెండు రోజులు గదిలో కూర్చున్నా పర్లేదనుకుని వస్తే పంపిస్తాను. ఐదు రాత్రులతో, పెద్దవాళ్లతో వస్తే పంపను.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా తుపాన్ల కాలం. దసరా, దీపావళి సెలవులు అందులోనే పడతాయి కాబట్టి జనం అడగడం మానరు. అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి బదులు రెండు రాత్రులు చివర్లో పెట్టి, హేవ్‌లాక్ రెండు రాత్రులకి తగ్గిస్తాను. విమానం టికెట్ తేదీ మార్చుకోగలిగే రకం తీసుకోమంటాను, ఎక్కువైనా సరే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం సాధారణంగా అన్నిటికన్నా నిమ్మళంగా ఉంటుంది, నీళ్లలో చూపు కూడా బాగా ఆనుతుంది. ఆ అమ్మాయి టెన్త్ అయ్యాక మార్చి చివర్లో మళ్లీ వెళ్దామంటోందట. అప్పటికి తమ్ముడికి పదకొండు నిండుతాయి.